మనిషి చేయు పని – మనిషికి గల హక్కు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



నేరము, శిక్ష అను మాటలు చెవినబడగానే ఠాణా, కచేరి, జైలు జ్ఞప్తికి వచ్చును. కాని వీనికన్నిటికిని ముందుగా నిలిచియున్న ప్రశ్న ఒకటి కలదు. మనిషి ఏ పనికి బాధ్యుడు? ఏ పనికి కాడు? దీనికి సమాధానము తెలియని చోట శిక్ష యుండునే కాని న్యాయముండదు.

మనిషివలన జరుగునవన్నియు మనిషి చేసినవి కావు. నిద్రలో చేయి కదలును, తుమ్ము వచ్చును, బురదలో కాలు జారును. ఇవి శరీరధర్మములు. తెలిసి, తలచి, తనంత తానుగా చేసినదియే మానవ క్రియ. తెలివి, సంకల్పము, స్వేచ్ఛ అను మూడును దానికి అంగములు. ఇందులో ఏ యొక్కటి కొరవడినను బాధ్యత తగ్గును. ఒక్కొక్కయెడ పూర్తిగా తొలగిపోవును.

ఒక రైతు తన చేనిలోని చెత్తకు నిప్పు పెట్టెననుకొందము. గాలి లేని వేళ చూచి, చుట్టును శుభ్రము చేసి నిప్పు పెట్టగా, అకస్మాత్తుగా సుడిగాలి లేచి పొరుగువాని గడ్డివాము కాలినచో అది ప్రమాదము. గాలి వీచుచుండుట కన్నులార చూచియు లెక్కచేయక పెట్టినచో అది అజాగ్రత్త. వాము కాలవలెననియే పెట్టినచో అది ద్రోహము. కాలిన వాము ఒక్కటే, నష్టము ఒక్కటే. క్రియలు మాత్రము మూడు. కాలిన వాము అందరికిని కనబడును. సంకల్పము ఎవ్వరికిని కనబడదు. అందుచేతనే విచారణ కావలసివచ్చినది.

1860లో వెలసిన భారత శిక్షాస్మృతి ఈ విచక్షణను పాటించినది. ఏడేండ్లు నిండని శిశువు చేసిన పని నేరము కాదనెను. మతిస్థిమితము లేక, తాను చేయుచున్నదేమో తెలియని వానిని దోషి కాడనెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినను ఈ మూలసూత్రములు నిలిచియే యున్నవి.

ఈ సూత్రముల విలువ కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల చరిత్రలో స్పష్టముగ కానవచ్చును. నిజాం కాలమున ఈ పల్లెలలో వెట్టి యుండెను. కూలి లేకయే దొరల గడీలలో చాకిరి చేయవలసియుండెను. అప్పు తీసికొన్నవాడు భగేలాగా మారి, ఏండ్ల తరబడి ఋణదాత యింట కట్టుబడి యుండెను. చదువురానివాడు కాగితముపై వేసిన వేలిముద్ర అతని క్రియ యగునా? అందులో వ్రాసినదేమో అతనికి తెలియదు. కాదనుటకు స్వేచ్ఛ లేదు. ముద్ర వ్రేలిదే కాని, సంకల్పము మరియొకనిది. భారత రాజ్యాంగములోని 23వ అధికరణము బలవంతపు చాకిరిని నిషేధించెను. 1976 నాటి చట్టము వెట్టికి మూలమైన ఋణములను రద్దుచేసెను.

ఆదిలాబాదు గోండుల కథ ఇంతకంటె లోతైన ప్రశ్నను మన ముందుంచును. తరతరములుగా సేద్యము చేసిన నేలలు రక్షితారణ్యములో చేరిపోగా, నిన్నటి రైతు నేడు ఆక్రమణదారుడయ్యెను. అతడు నాగలి పట్టిన తీరు మారలేదు. కాగితముపై గీత మారినది. కొమురం భీము ఈ దుఃఖమునుండియే పుట్టిన నాయకుడు. తాము పండించిన పంటకు మరియొకడు హక్కుదారుడనని వచ్చినప్పుడు జరిగిన ఘర్షణలో భీము చేతిదెబ్బకు ఒకడు మరణించెననియు, అటుపిమ్మట అతడు అస్సాం తేయాకు తోటలకు పోయి, కొంతకాలమునకు మరలివచ్చెననియు జనశ్రుతి. ఒక ప్రాణము పోవుట ఒప్పని ఏ ధర్మశాస్త్రమును చెప్పదు. అయినను ఆకస్మికమగు తీవ్ర ప్రేరేపణచే జరిగిన పనిని, పగబట్టి చేసిన హత్యను చట్టము ఒకే త్రాసున తూచదు. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో భీము మరణించెను.

ఆజ్ఞ ప్రకారము తుపాకి పేల్చినవాని బాధ్యత యెంత? ఈ ప్రశ్నయు న్యాయమునకు సంబంధించినదే. పై అధికారి చెప్పెననుట ఒక్కటియే చాలదు. ఆ ఆజ్ఞ చట్టమునకు లోబడినదై యుండవలెనని శిక్షాస్మృతియే చెప్పినది. ఆజ్ఞాపించినవాడును మనిషియే, పాటించినవాడును మనిషియే. ఇద్దరికిని తెలివియు సంకల్పమును కలవు.

భీము మరణానంతరము గోండుల స్థితిగతులు తెలిసికొనుటకు నిజాం ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ పండితుని నియోగించెను. ఆయన కృషిచే 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసెను. పిమ్మట అనేక కుటుంబములకు భూమి పట్టాలు లభించెను. తుపాకి తీర్చలేని తగవును విచారణ కొంతవరకు తీర్చగలిగెను. అడవిలో సేద్యము చేయువారికి జరిగినది చారిత్రక అన్యాయమని 2006 నాటి అటవీ హక్కుల చట్టము తన పీఠికలోనే అంగీకరించెను. ఆ హక్కుల నిర్ణయము గ్రామసభతోనే ఆరంభము కావలెనని విధించెను.

నేరము మోపబడినవానికి హక్కులేల యని కొందరు అడుగుదురు. గడ్డివాము ఉదాహరణయే దీనికి సమాధానము. విచారణకు ముందు అతడు ఆ ముగ్గురిలో ఎవడో ఎవ్వరెరుగుదురు? అందుచేతనే, అరెస్టయినవానిని ప్రయాణకాలము మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించుటకు అతనికి హక్కు కలదు. తనపై తానే సాక్ష్యము చెప్పుమని అతనిని నిర్బంధించరాదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములకును తెగలకును, నిర్బంధములో నున్నవారికిని న్యాయసహాయము ఉచితము. ఇవి దొంగకు చేసిన ఉపకారములు కావు. నిర్దోషికి కట్టిన కంచెలు.

ఈ కంచెను తెంచువారు అధికారులే కానక్కరలేదు. చేతబడి చేసినాడన్న అనుమానముతో మనిషిని చెట్టుకు కట్టి కొట్టిన గ్రామములు ఈ సీమలోనే కలవు. ప్రాణములు తీసిన సంఘటనలును జరిగినవి. అచ్చట నేరమే లేదు. జ్వరమో, పశునష్టమో కలదు. క్రియ లేనిచోట దోషిని సృష్టించి, విచారణ లేకయే శిక్షించుట కంటె ఘోరమేమున్నది? గుంపులో చేయి కలిపిన ప్రతివాడును తెలిసి, తలచి, తనంత తానుగా చేయి ఎత్తినవాడే. పదిమందితో పంచుకొన్నంత మాత్రమున పాపము పదవ వంతు కాదు.

వేలిముద్రకు బదులు సంతకము, పుకారుకు బదులు విచారణ, భయమునకు బదులు తెలివి – ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న సేవకు అర్థమిదియే. చదివినవాడు తన క్రియకు తాను బాధ్యుడగును. ఎదుటివాని హక్కును గుర్తించును. ప్రతి పాఠకుడును రాజ్యాంగములోని ప్రాథమిక హక్కుల భాగమును ఒక్కమారైనను చదివి, చదువురాని పొరుగువానికి వినిపించుగాక! అదియే ఈ రజతోత్సవమునకు తగిన కానుక.