తుపాను హెచ్చరికయు, గ్రామ పంచాయతియు

పంచాయతీ సభ్యులారా!

ఆశ్వయుజ కార్తీకములు వచ్చినవనిన మన కోస్తా జిల్లాలలో రైతు ఒక కన్ను చేనిమీద, ఒక కన్ను తూర్పు దిక్కుమీద వేసియుండును. వైశాఖమునందు కూడ ఈ భయము కలదు. తుపానును ఆపగల శక్తి ఎవరికిని లేదు. కాని అది వచ్చుచున్నదని ముందుగా తెలిసికొను నేర్పు నేడు మనకున్నది. ఆ తెలిసిన మాట ఊరి చివరి గుడిసెకు చేరుట ఎట్లన్నదే మేము మీతో ముచ్చటింపదలచిన విషయము.

1864 నవంబరు 1వ తేదీన బందరుపై ఉప్పెన విరుచుకొనిపడి సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొన్నది. ఆనాడు హెచ్చరిక యనునదే లేదు. మరుసటి సంవత్సరము కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు ఆరంభమైనది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది.

అయినను 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది మీకు తెలియనిది కాదు. తుపాను తీరము దాటినది చీరాల చెంత. ఉప్పెన ముంచినది కృష్ణ కావలి నున్న దివిసీమను. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. సుమారు 10,000 మంది మరణించిరి. దీనికి కారణమును ప్రతి సభ్యుడును గ్రహింపవలెను. మన ప్రాంతమున తుపాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేకముగా తిరుగును. కావున తుపాను పోవు దారికి కుడి వైపున గాలి సముద్రమును నేలమీదికి నెట్టును. అందుచేత రేడియోలో మరియొక ఊరి పేరు వినబడిన మాత్రమున, “మనకేమి భయము” అని నిద్రించుట తగదు. ఆ ఊరికి ఉత్తరముగా నున్నవారే మరింత మెలకువతో నుండవలెను.

1990 మే 9న అంతటి పెనుతుపానే కృష్ణా ముఖద్వారమునకు చేరువలో తీరము దాటినది. ఈసారి ఉపగ్రహము, రాడారు దానిని కనిపెట్టుచుండెను. ఆరు లక్షలకు పైగా జనమును ముందే తరలించిరి. మరణించినవారి సంఖ్య వేయికి లోపే. అదియు తక్కువ దుఃఖము కాదు. కాని 1977తో పోల్చిచూచిన, సకాలమున కదలిన కాళ్ళ విలువ తెలియును.

గాలి వేగము గంటకు 62 కిలోమీటర్లకు చేరినప్పుడు వాయుగుండమును తుపాను అందురు. తీరమున వాతావరణము చెడుటకు కనీసము 48 గంటల ముందు పసుపు రంగు గుర్తుతో అప్రమత్తత సూచన, 24 గంటల ముందు నారింజ రంగుతో హెచ్చరిక వెలువడును. తీరము దాటుటకు ఇంచుమించు 12 గంటల ముందు వచ్చునది ఎరుపు. ఎరుపు వచ్చువరకు కూర్చుండువాడు ఆలస్యము చేసినట్లే. రేవులలో ఎగురవేయు సంఖ్యలను గురించి ఒక మాట. 11వ నంబరు అన్నిటికంటె పెద్ద తుపానని పలువురి నమ్మకము. అది సరికాదు. హెచ్చరిక కేంద్రముతో సంబంధములు తెగిపోయినవని దాని యర్థము. తుపాను రేవు మీదుగనో, మిక్కిలి చేరువగనో దాటునని తెలుపునది 10వ నంబరు.

ఇక అసలు చిక్కు. ఇల్లు విడువుమనిన జనులు విడువరు. దీనిని మూర్ఖత్వమనుట మాకు సమ్మతము కాదు. గేదె, పడవ, వల, గాదెలోని గింజలు, వారి బ్రతుకంతయు అక్కడనే యున్నది. పశువులను ఏ మెరకకు తోలవలెనో, పడవలను ఎచ్చట కట్టవలెనో ముందు చెప్పినగాని మనుష్యులు కదలరు. తోలుటకు వ్యవధి లేనప్పుడు పలుపులు విప్పి వదలివేయవలెను; కట్టుకొయ్యనున్న పశువు ఈదలేదు. “పోయినసారియు పొమ్మన్నారు, ఆకైనను కదలలేదు” అనువారును ఉందురు. తుపాను దారి మార్చుకొనుట కలదనియు, అందుచేతనే విశాలమైన తీరమునకు హెచ్చరిక చేయుదురనియు వారికి ఎండకాలముననే నచ్చజెప్పవలెను. గాలి లేచిన పిమ్మట ఎవరును వినరు. వృద్ధులు, గర్భిణులు, నడువలేనివారు ఏయే ఇండ్లలో నున్నారో జాబితా సిద్ధముగా నుండవలెను. సెల్‌ఫోన్లకు సందేశములు వచ్చుచున్న ఈ రోజులలో కూడ దండోరాను మానరాదు. కరెంటు పోయిన రాత్రి డప్పే దిక్కు.

ఆశ్రయములకు చేర్చిన పిమ్మట మరియొక గండమున్నది. హోరున వీచు గాలి ఒక్కసారిగా నిలిచిపోవును, వాన తెరిపి యిచ్చును. అది తుపాను కన్ను మన మీదుగా పోవుచున్న సమయము. గడచినదనుకొని జనులు ఇండ్లు చూచుకొనుటకు బయలుదేరుదురు. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి అంతే బలముతో విరుచుకొనిపడును. ఆ వ్యవధిలో ఎవరిని గడప దాటనీయక నిలుపుటకు ప్రతి ఆశ్రయమునందును ఊరివారు మాట వినెడి సభ్యుడొకడు ఉండవలెను. ఎవరు ఎచ్చట నుందురో రానున్న సమావేశముననే నిర్ణయించి, పేర్లు రిజిస్టరులో వ్రాయింపుడని కోరుచున్నాము.