చుట్టే చేతులు, రాయని పేర్లు



పని లేకపోవడమే పేదరికానికి కారణమని మన సభల్లో తరచు వింటున్నాము. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల పట్టణాల్లో బీడీలు చుట్టే మన ఆడబిడ్డలను చూచినవారు ఆ మాట అనలేరు. ఫజర్ నమాజు ముగిసింది మొదలు చాట వారి ఒడిలోనే ఉంటుంది.

కూలి వెయ్యి బీడీలకు ఇంతని కడతారు. ఆకు తడిపి కత్తిరించిన వేళకు, కార్ఖానా ముందు నిలబడిన వేళకు వేరే లెక్క లేదు. నాసి ఆకు వస్తే వెయ్యి నిండదు. తక్కువపడిన ఆకును సొంత డబ్బుతో కొనాలి. బాగులేవని తీసివేసిన బీడీలకు కూలి రాదు, చాలాచోట్ల ఆ బీడీలూ తిరిగిరావు.

ఇంట్లో కూర్చొని చేసేదీ ఒక ఉద్యోగమా అన్నది యజమానుల పాత వాదన. ఇంటివద్ద చుట్టేవారినీ 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టం కార్మికులుగానే గుర్తించింది. భవిష్యనిధి వారికీ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా తల్లి పేరున ఒక పాస్‌బుక్కు ఉంటే, పక్కన కూర్చొని చుట్టే కూతురు, కోడలు ఏ రిజిస్టరులోనూ ఉండరు. రేపు పింఛను అడగడానికి వారివద్ద ఏ కాగితమున్నది?

ముస్లిం స్త్రీలు ఇంటివద్ద చేసే పనుల్లోనే ఎక్కువగా ఉన్నారని సచార్ కమిటీ 2006లోనే తెలిపింది. మన వినతిపత్రాలు మాత్రం సర్కారు కొలువుల దగ్గరే ఆగుతున్నాయి.

చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని జుమా ఖుత్బాలో మనతోపాటు విన్న ఠేకేదారు మనవాడే అయినచోట, మసీదు కమిటీ పెద్దలు అతనిని నిలదీయడానికి ఎందుకు వెనుకాడాలి? వాడవాడలా చుట్టేవారందరి పేర్లూ మనమే రాద్దాము. పాస్‌బుక్కు లేనివారి జాబితాను కార్మికశాఖ అధికారికి ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకుందాము.