ఇంటర్ అమ్మాయి అలా మాట్లాడదు



పగలు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. తెల్లవారుజామున ఐదు నుంచి ఆరుంబావు దాకా పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల కోసం నవలలు రాస్తుంటాను. ఈ రెండూ ఎలా కుదురుతున్నాయండీ అని అడిగేవాళ్లంతా టైము గురించే అడుగుతారు. టైము ఎలాగోలా దొరుకుతుంది. సాయంత్రాలు ఎటూ నా చేతిలో ఉండవు, అమెరికా వాళ్లతో కాల్ ఏడున్నరకి. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మనకది ఎనిమిదిన్నర అవుతుంది. మార్చిలో మళ్లీ ఏడున్నర. అందుకే నేను చలికాలంలో రాసిన అధ్యాయాలన్నీ పొట్టిగా ఉంటాయి. అంతకుమించి టైము గురించి చెప్పడానికేమీ లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది చెవి.

రోజుకి తొమ్మిది గంటలు టికెట్లు, డెడ్‌లైన్లు, రివ్యూల మధ్య కూర్చున్నవాడి నాలుకకి ఆ భాషే పట్టేస్తుంది. నా రెండో నవలలో పదహారేళ్ల అమ్మాయి ప్రాణస్నేహితురాలితో తగువు పడుతుంది. పడి, "సరే, ఇది పక్కనపెట్టి ముందు ఏది ముఖ్యమో తేల్చుకుందాం. రేపటికల్లా నాకో క్లారిటీ కావాలి" అంటుంది. రాసినప్పుడు బాగానే ఉందనిపించింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనకోడలికి ఇచ్చాను. చదివి ముఖం అదోలా పెట్టింది.

"మావయ్యా, ఇంటర్ అమ్మాయి ఇలా మాట్లాడదు. ఇది మీ మేనేజరు."

"మరేమంటుంది?"

"ఏమీ అనదు. వాట్సాప్‌లో డీపీ తీసేస్తుంది."

పేజీన్నర సంభాషణ కొట్టేసి ఆ ఒక్క వాక్యం పెట్టాను. ఆఫీసులో నేను రాసిన కోడ్‌ని ఇంకొకరు చూడందే ముందుకి పంపరు. ఆ అలవాటు కథలకి కూడా ఉండాలని ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో తట్టలేదు, ఆ పిల్ల చెబితే తట్టింది.

ఈ రెండు పడవల ప్రయాణం నాతో మొదలైందేమీ కాదు. తమిళంలో సుజాత అనే పేరుతో రాసిన రంగరాజన్ ఇంజనీరు. ఆ పేరు ఆయన భార్యది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తూ ఓటింగ్ యంత్రం తయారీలో పాలుపంచుకున్నారు. అదే మనిషి ఆనంద వికటన్‌లో 'ఎన్ ఇనియ ఇయందిరా' అని సీరియల్ రాస్తే, అందులో జీనో అనే మరకుక్క తమిళ పిల్లలకి సొంత కుక్క అయిపోయింది. జూనియర్ వికటన్‌లో పాఠకులడిగిన సైన్సు ప్రశ్నలకి జవాబులు రాసే శీర్షిక కూడా నడిపారు. నాకు ఆయన నవలలకన్నా ఈ శీర్షికంటేనే అసూయ. జనం ఏమడుగుతారో, ఏ మాటల్లో అడుగుతారో ఉత్తరాల్లో ఇంటికే వచ్చేదన్నమాట.

అమెరికాలో ఆండీ వీయర్ అనే ప్రోగ్రామరు 'ది మార్షియన్' నవలని తన సొంత వెబ్‌సైట్లో అధ్యాయం తర్వాత అధ్యాయం ఉచితంగా పెట్టాడు. లెక్క తప్పితే పాఠకులే దిద్దారు. 2014లో పెద్ద ప్రచురణకర్త వేశాక, బడుల కోసం అందులోని బూతులు తీసేసి వేరే కూర్పు కూడా తెచ్చారు. ఆ పిల్లలకి ఆ మాటలు తెలియవనా? సరే, అది పెద్దవాళ్ల సరదా.

ఇంగ్లీషు పుస్తకాల షాపులో, నేను ఎవరికోసం రాస్తున్నానో ఆ వయసువాళ్లకి విడిగా ఒక అర ఉంటుంది. తెలుగులో బాలసాహిత్యం దాటితే నేరుగా పెద్దల నవలలే. 1950ల్లో మొదలుపెట్టి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన 'తోకచుక్క', 'మకరదేవత' లాంటి సీరియళ్లు ఆ వయసువాళ్లని కట్టిపడేశాయి. ఆయనా ఉద్యోగం చేస్తూ రాసినవాడే, అదీ చందమామలోనే, సీరియల్ కింద తన పేరైనా లేకుండా. ఆ తర్వాత ఆ జాగా చాలావరకు ఖాళీగానే ఉంది.

ఉద్యోగం చేస్తూ రాయాలనుకునేవాళ్లకి ఒక్క జాగ్రత్త. అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి, బయటి పనుల గురించి ఏం రాసుందో చదవండి. అనుమానముంటే హెచ్ఆర్‌ని అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. కథ ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం రాయకండి.

ఇక చెవి సంగతి. నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను. ఇదివరకు ఎక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ని. ఇప్పుడు అమీర్‌పేట దాటేదాకా పెట్టుకోను. కోచింగ్ పిల్లలు దిగేది అక్కడే.

ఈ ప్రసంగం వింటున్న అమ్మానాన్నలకి ఒక మనవి. మీ పిల్లలు ఏదైనా తెలుగు కథ చదివి "మేమిలా మాట్లాడం" అంటే కోప్పడకండి. ఆ మాటే ఒక కార్డు ముక్క మీద రాసి రచయితకి పంపమనండి. చిరునామా సాధారణంగా పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంటుంది.