నిలిచియున్న బండి నాడి



మన పల్లెలలో ఎడ్లబండి చేసిన పనులనేకము నేడు మోటారు సైకిలు చేయుచున్నది. పాలక్యానులు, ఎరువుబస్తాలు, మందుడబ్బాలు, జ్వరపడిన పిల్లలు, అన్నియు దానిమీదనే పోవును. అట్టి బండికి సాధారణముగ వచ్చు ఒక్క రోగమును గూర్చి మాత్రమే నేను చెప్పదలచితిని. బండి పరుగున బాగుగనే యుండును. పిడిని వదలి మలుపునకు వచ్చినంతనే దగ్గి చల్లారిపోవును. లేదా, మనము త్రిప్పకయే గట్టిగ అరచుచుండును. మెకానిక్కుల వాడుకలో ఐడ్లింగు చెడినదనుట యిదియే.

పిడిని త్రిప్పనప్పుడు ఇంజనులోనికి గాలి పోవు త్రోవ ఇంచుమించు మూసికొని యుండును. అప్పుడు కావలసిన పెట్రోలంతయు కార్బొరేటరులోని పైలట్ జెట్టు అను సూదిమొనవంటి రంధ్రముగుండ రావలెను. నూరు సి.సి. బండి యింజను ఆ స్థితిలో నిమిషమునకు సుమారు 1400 చుట్లు తిరుగును. పరుగులో ఉన్న ఇంజను చిన్న లోపమును తన వేగముచే కప్పిపుచ్చుకొనును; ఈ మందగమనమున కప్పుకొనలేదు. వైద్యుడు రోగిని కూర్చుండబెట్టి నాడి చూచునే గాని పరుగెత్తించి చూడడు గదా!

మా మేనల్లుడు వేకువనే ఇంటింట పాలు సేకరించి కేంద్రమునకు చేర్చును. వేళ మించినచో పాలు విరుగును, ఆనాటి కష్టము నీటిపాలగును. వాని బండి మలుపు మలుపునను ఆగజొచ్చెను. పాత బండి యగుటచే దీపమునకు శక్తి ఇంజను తిరుగుటనుండియే వచ్చును. ఇంజను మందగించినపుడెల్ల కాలువగట్టుమీద దీపము మిణుకుమిణుకుమనెడిది. ముగ్గురు చూచిరి. ముగ్గురును వేగము పెంచు మరనే బిగించిరి. రెండుమూడు దినములు బాగుగ నుండెడిది, మరల మొదటికే వచ్చెడిది. పైపెచ్చు పెట్రోలు ఖర్చు పెరిగెను, గేరు వేసినపుడెల్ల బండి కుదుపుచుండెను. జ్వరమునకు కారణమరయక తడిగుడ్డ వేయుట వంటిదా వైద్యము.

నాలుగవవాడు పట్టణమున పేరుపడిన పనివాడు. అతడు పానా చేతబట్టకమునుపే, “చల్లగ నున్నప్పుడు ఆగునా, వేడెక్కిన పిమ్మట ఆగునా?” అని యడిగెను. వేడెక్కిన పిమ్మటనే యని చెప్పగా, కార్బొరేటరును ఇంజనుతో కలుపు రబ్బరు గొట్టమును చేతితో వంచి చూపెను. దానియందు వెండ్రుకవాసి చీలిక యుండెను. ఆ చీలికనుండి కొలతలేని గాలి లోనికి దూరి పెట్రోలును పలుచన చేయుచుండెను. గొట్టము మార్చుటతో రోగము తీరెను. అతని ప్రశ్నయే నాటినుండి నాకు గురువైనది.

బండి చల్లగనున్న ఉదయముననే ఆగిపోయి పిమ్మట కుదురుకొనినచో అది రోగము గాదు; చోకు కొంతసేపు వాడిన చాలును. చోకును మరల మూయుట మరచినవారి బండి నల్లని పొగ గ్రక్కును. నాలుగైదు మైళ్లు పోయి ఆగిపోయి, ట్యాంకు మూత తీయగనే బుస్సుమని గాలి పీల్చి మరల నడచినచో, మూతలోని గాలిరంధ్రము పూడినదని తెలియవలెను. వానలో తడిసిన తరువాత పుట్టిన తెగులైనచో ట్యాంకులో నీరు చేరినదేమో చూడవలెను. నేడు మనము పోయించుకొను పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చును. నీరధికమైనచో అడుగునకు దిగి కార్బొరేటరునకే మొదట చేరును. నెలలకొలది నడపని బండిలోనైతే, పాతబడిన పెట్రోలు జిగురై పైలట్ జెట్టును మూసివేయును.

ప్లగ్గు నూడదీసి చూచుట అందరును నేర్వదగినది, ఇంజను చల్లారిన తరువాత మాత్రమే. దాని కొన పోకవన్నెగ నున్నచో మేలు. పొడిమసి పట్టియున్నచో పెట్రోలు హెచ్చినది, లేదా గాలి ఫిల్టరు పూడినది. తెల్లబడినచో గాలి హెచ్చినది. నూనెతో తడిసియున్నచో లోపల రింగులో వాల్వుసీళ్లో అరిగియుండును. ఇక ఇంటి వైద్యము పనికిరాదు.

మరియొక పరీక్ష. బండిని స్టాండుమీద నిలిపి, గేరు తీసి, ఇంజను నడచుచుండగ హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసవరకు త్రిప్పుడు. ధ్వని హెచ్చినచో ఎక్సలేటరు తీగ బిగిసియున్నది. మలుపు తిరుగునపుడు బండి తనంతట ముందుకు దుముకును గనుక దీనిని మరునాటికి వాయిదా వేయరాదు. ఇట్టి పరీక్షలేవియు పశువులకొట్టములో, తలుపులు మూసిన సావడిలో చేయకుడు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేనిది, ప్రాణము తీయునది.

పెట్రోలు, చోకు, మూత, ప్లగ్గు, ఫిల్టరు, తీగ — ఇంతవరకు మనము చూచుకొనవచ్చును. ఇవి బాగుగనుండియు ఐడ్లింగు కుదురనిచో సర్వీసింగునకు పంపవలసినదే. జెట్టులో ఇనుపతీగ పొడిచి శుభ్రపరచు అలవాటు కొందరికి కలదు. రంధ్రము పెద్దదై కొలత శాశ్వతముగ చెడును. వాల్వులకు టాపెట్ సందు మిల్లీమీటరులో నూరవవంతుల లెక్క. అది బిగిసినచో వేడియందు వాల్వు పూర్తిగ మూయక ఇంజను ఆగును. ఆ కొలత కంటితో తేలదు. క్రొత్త ప్లగ్గు వారము తిరుగకయే నల్లబడినను ఆలస్యము చేయరాదు. పెట్రోలు కారుచున్నచో బండిని నడపకుండ తోసికొనియే పోవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట తయారైన బండ్లు ఇంచుమించు అన్నియు కార్బొరేటరు లేనివి. పెట్రోలును కొలిచి చిమ్ము పని యొక ఎలక్ట్రానిక్ పెట్టె చూచుకొనును. అట్టి బండికి ఇంజను గుర్తుగల దీపము ఆరక వెలుగుచున్నచో మరలు త్రిప్పువానివద్దకు గాక, ఆ పెట్టెను చదువు పరికరమున్న చోటికి కొనిపోవలెను.

పంపునపుడు “బండి బాగులేదు, చూడుమా” యని కుర్రవానిచేత కబురంపినచో ఫలము తక్కువ. తెగులెప్పుడు మొదలైనది, చల్లననా వేడిననా, ప్లగ్గు మార్చి యెంతకాలమైనది — నాలుగు పంక్తులు కాగితముపై వ్రాసి యిండు. వెల ముందుగ నడుగుడు. మార్చిన పాత వస్తువులను తిరిగి యిమ్మనుడు. బండి చేతికి వచ్చినపుడు, చల్లని యింజను ధ్వని విని సొమ్ము చెల్లింపక, ఒక పావుగంట తిరిగివచ్చి, వేడెక్కిన పిమ్మట అక్కడనే నిలిపి, పిడి వదలి వినుడు.