కూలి మధ్య గీసిన గీత
(తిరుపతిలో కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాల గురించి చర్చించే సభలో దక్షిణాఫ్రికా ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. అది పరాయి కథ కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి తొలి ఒప్పంద కూలీలతో ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. 1911 నాటికి నటాల్‌కు వెళ్లిన లక్షా యాభై వేల పైచిలుకు కూలీలలో ఎక్కువ మంది మద్రాసు రాష్ట్రానికి చెందిన తమిళులు, తెలుగువారు. ఉత్తర ఆర్కాటు జిల్లా వారు వారిలో ఎందరో ఉన్నారు. మన చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే.

తొలి ఏడాది వారి కూలి నెలకు 10 షిల్లింగులు. ఒప్పందం ముగిశాక స్వేచ్ఛగా నిలవదలచిన వారిపై 1895 నాటి చట్టం ఏటా 3 పౌన్ల పన్ను మోపింది. అంటే 60 షిల్లింగులు, తొలి ఏడాది లెక్కన ఆరు నెలల కూలి! తిరిగి కూలి ఒప్పందానికి తలవంచాలి, లేదా దేశం విడవాలి. ఆ పన్ను పరమార్థం ఇదే.

1913 మార్చిలో, ఒక ముస్లిం మహిళ ప్రవేశ హక్కు కేసులో, కేప్ న్యాయస్థానం క్రైస్తవ పద్ధతిలో జరగని మన వివాహాలకు గుర్తింపు నిరాకరించింది. కూలి, నికాహ్ రెండింటికీ ఒకే ఏడాది ఆపద వచ్చింది. అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనుల కార్మికులు పని మానారు. చెరకు తోటలూ వారిని అనుసరించాయి. అహ్మద్ ముహమ్మద్ కాచలియా వంటి వర్తకులు ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. 1914లో పన్ను రద్దయింది.

అయితే జాతి గీత చెరగలేదు. 1924 నాటి పారిశ్రామిక చట్టం, పాసు మోసే ఆఫ్రికన్లను ‘ఉద్యోగి’ అన్న నిర్వచనం నుండే తొలగించింది. ఒకరికి బేరమాడే హక్కు ఉండి, పక్కవాడికి లేకపోతే యజమానికి చౌక కూలి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ కిటుకును డాక్టర్ యూసుఫ్ దాదూ గ్రహించారు. 1946 ఆగస్టులో రోజుకు 10 షిల్లింగులు కోరుతూ ఆఫ్రికన్ గని కార్మికులు సమ్మె చేసినపుడు, ఆ కేసులో నిందితులుగా నిలిచిన వారిలో ఆయనా ఒకరు. 1973లో డర్బన్‌లో వేలాది కార్మికులు పని నిలిపివేశారు. 1979లో ఆఫ్రికన్ సంఘాలకు చట్టపరమైన గుర్తింపు లభించింది.

ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి జీతం మారడం గల్ఫ్‌కు బిడ్డలను పంపిన మన ఇళ్లకు తెలియనిది కాదు. ఖతర్ 2021లో జాతీయతతో నిమిత్తం లేని కనీస వేతనం తెచ్చింది. మన సుప్రీంకోర్టు 2016లో, సమాన పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు సమాన వేతనం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ హక్కులు కాగితం దాటి రావాలంటే మనం అడగాలి.

అందుచేత మా మనవి ఇది. ఒప్పందాన్ని చదివించుకోకుండా సంతకం చేయవద్దు. చెల్లింపుల చీటీలు భద్రపరచండి. సంఘంలో చేరండి, చేరేటప్పుడు పక్కనున్న దళిత, హిందూ, క్రైస్తవ కార్మికుని చేయి పట్టుకొని చేరండి. మనకు మాత్రమే దక్కే న్యాయం ఎంతకాలమూ నిలవదు.

ఖుదా హాఫిజ్.