ఏ పనికి ఏ గ్యాస్?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ వృత్తి గురించి అందరికీ పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి అన్నారు నిర్వాహకులు. నేను లోహాన్ని కోసే, అతికించే పనిలో ఉన్న ఇంజనీరును. మనలో ఫ్యాబ్రికేషన్ షెడ్లు నడిపేవారున్నారు. పిల్లల్ని ఐటిఐలో చేర్చినవారున్నారు. ఇంటికి గేటో గ్రిల్లో చేయించుకోనివారు ఎవరూ ఉండరు. అందుకే ఈ పది నిమిషాలూ గ్యాస్ గురించి మాట్లాడతాను.

మిషను కొనేటప్పుడు ఎన్ని ఆంపియర్లు, ధర ఎంత అని అడుగుతాం. గ్యాస్ సంగతి చివర్లో గుర్తొస్తుంది. నిజానికి పని ఎలా వస్తుందనేది సగం గ్యాసులోనే ఉంది.

గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, మిగిలిన 1 శాతంలో ఎక్కువ భాగం ఆర్గాన్ అని మన సైన్సు మాస్టార్లు బోర్డు మీద రాశారు. మా వృత్తి చాలావరకు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఆర్గాన్‌ను 1894లో రేలీ, రామ్సే కనుగొన్నారు. అది దేనితోనూ కలవదు కాబట్టి గ్రీకు భాషలో 'సోమరి' అని అర్థమొచ్చే పేరు పెట్టారు. ఆ సోమరితనమే వెల్డరుకు కావలసింది.

ముందు ప్లాస్మా కటింగ్ చూద్దాం. మామూలు ఇనుప రేకులకు చిన్న షెడ్డులో కంప్రెసర్ గాలి చాలు. అయితే ఆ గాలిలో తేమ, నూనె ఉండకూడదు. ఉంటే ఎలక్ట్రోడ్, నాజిల్ త్వరగా పోతాయి. ఇంకో సంగతి, గాలిలోని నైట్రోజన్ కోసిన అంచులోకి చేరుతుంది. గ్రైండింగ్ చేయకుండా దాని మీదే వెల్డింగ్ చేస్తే సన్నని రంధ్రాలు పడే ప్రమాదముంది. ఆక్సిజన్‌తో కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు, అల్యూమినియానికి నైట్రోజన్ మంచిది. మందం ప్లేట్లకు ఆర్గాన్ 65, హైడ్రోజన్ 35 పాళ్ల మిశ్రమం వాడతారు. గ్యాస్ మారిస్తే ఎలక్ట్రోడ్ కూడా మార్చాలి. గాలికి, ఆక్సిజన్‌కు హాఫ్నియం మొన ఉండాలి. ఆర్గాన్-హైడ్రోజన్‌కు టంగ్‌స్టన్ కావాలి. టంగ్‌స్టన్‌కు ఆక్సిజన్ తగిలితే చూస్తుండగానే కాలిపోతుంది.

వెల్డింగులో గ్యాస్ పని వేరు. కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపు కాయాలి. అల్యూమినియానికి శుద్ధ ఆర్గాన్. ఇనుముకు మిగ్ వెల్డింగులో కార్బన్ డయాక్సైడ్ చవక, లోతుగా దిగుతుంది, కానీ చుట్టూ చిటచిటలాడి బొట్లు అంటుకుంటాయి. ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 కలిపితే నున్నగా వస్తుంది. స్టెయిన్‌లెస్‌కు కార్బన్ డయాక్సైడ్ 2 శాతం దాకానే. మొత్తం అదే వాడితే అతుకులో కార్బన్ పెరిగి, తుప్పు పట్టని గుణం దెబ్బతింటుంది. కాబట్టి సిలిండరు ధర ఒక్కటే చూడకండి. బొట్లు గీకే మనిషి కూలీ, గ్రైండింగ్ వీలు, తిరిగి చేసిన పని కూడా కలిపి మీటరు అతుకుకు ఎంత పడిందో లెక్క వేయండి.

ఫ్యాను గాలికి గ్యాస్ చెదిరిపోతుంటే కొందరు వాల్వు ఇంకా తిప్పుతారు. మామూలు పనికి నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. మరీ ఎక్కువైతే సుడి తిరిగి బయటి గాలినే లోపలికి లాగుతుంది. ఫ్యానును పక్కకు తిప్పండి, లేదా అడ్డుగా తెర పెట్టండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మాట. ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా బరువు. ట్యాంకు అడుగున, గోతిలో చేరి కూర్చుంటుంది. అక్కడ ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే ఇక ఆ చోటు క్షేమం కాదు. బాగా తగ్గితే దిగినవాడికి ఊపిరాడనట్టు కూడా తెలియదు, ఉన్నట్టుండి పడిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. ఇలాంటి చావుల్లో రెండోవాడు తరచుగా తోటి పనివాడో అన్నదమ్ముడో అయి ఉంటాడు.

షెడ్లున్న మిత్రులకు నా మనవి ఇది. భోజనానికి వెళ్లేటప్పుడు టార్చిని ట్యాంకులో వదలవద్దు, సిలిండరు కట్టేయించండి. దిగే ముందు ఆక్సిజన్ మీటరుతో చూడండి. బ్లోయరు ఆడుతూ ఉండాలి, బయట ఒక మనిషి నిలబడి ఉండాలి. గాలి బాగుచేద్దామని ట్యాంకులోకి ఆక్సిజన్ మాత్రం వదలకండి, ఒక్క నిప్పురవ్వకు బట్టలు భగ్గుమంటాయి. మీటరు ఖరీదు ఎంతైనా, పనికొచ్చిన కుర్రాడి ప్రాణం ముందు లెక్క కాదు.

గురువులకు కూడా ఒక విన్నపం. బోర్డు మీద 21 శాతం అని రాసినప్పుడు, ఆ అంకె తగ్గితే మనిషి ఏమవుతాడో కూడా పిల్లలకు చెప్పండి. వాళ్లలో కొందరు రేపు ట్యాంకుల్లోకి దిగేవారే.