పెద్ద సంస్థ కబురు పంపినప్పుడు

(మన సంఘ భవనమున జరిగిన కుటుంబ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మనము సాధారణముగా మాటలాడుకొనునది బడులలో తెలుగు తరగతుల సంగతి, పాఠ్యపుస్తకముల సంగతి. నేడు మేము ఎత్తుకొన్న విషయము కొందరికి వింతగా తోచవచ్చును. బెంగుళూరులోను, చెన్నపట్టణములోను, పూనాలోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు ఉద్యోగములు మాని, ఇద్దరు ముగ్గురు కూడి చిన్న కంపెనీలు పెట్టుచున్నారు. వీటిని వారు స్టార్టప్పులందురు. పత్రికలవారు అంకుర సంస్థలందురు. అట్టి కంపెనీకి ఒకనాడు ఒక మహాసంస్థ నుండి కబురు వచ్చును. ఆ రాత్రి ఇంటిల్లిపాదికిని నిద్ర ఉండదు. ఆ కబురును ఎట్లు చదువుకొనవలెనో మేము తెలిసికొన్నంత మేరకు చెప్పదలచితిమి.

మొదటి ఉత్తరములో "కొందుము" అను మాట సాధారణముగా కనబడదు. "మీ పని మాకు మిక్కిలి నచ్చినది, ఒక అరగంట మాటలాడుకొందము, కలిసి పనిచేయు మార్గములు చూతము" అని ఉండును. ఈ మర్యాద మాటల కంటె క్రింద ఉన్న సంతకము ముఖ్యము. పెద్ద సాంకేతిక సంస్థలలో కార్పొరేట్ డెవలప్‌మెంట్ అను విభాగము ఒకటి కలదు. కంపెనీలను కొనుట, వాటిలో వాటాలు తీసికొనుట దాని పని. ఉత్తరము అక్కడ నుండి వచ్చినచో సంగతి కొనుగోలే అని ఊహింపవచ్చును. అట్లుగాక ఇంజనీర్ల పెద్ద ఎవరైనను వ్రాసినచో, అది నిజముగా భాగస్వామ్యమే కావచ్చును. మనుష్యులను ఉద్యోగములకు పిలుచుటకు కావచ్చును. మీరేమి చేయుచున్నారో తెలిసికొనుటకు మాత్రమే కావచ్చును.

ఈ చివరి మాట ఊరక అనుట లేదు. మన కుటుంబములలోని ఒక యువకుడు బెంగుళూరులో తొమ్మిదిమందితో చిన్న దుకాణముల లెక్కలు చూచు సాఫ్టువేరు తయారుచేసెను. మొదటి పెట్టుబడికై తండ్రి ఇల్లు తాకట్టు పెట్టెను. పెద్ద సంస్థ పిలిచినదని పొంగిపోయి ఆ పిల్లవాడు మూడు సమావేశములలో ఏ దుకాణదారు ఎంత చెల్లించునో, ఏ పని ఎట్లు నడచునో, రాబోవు సంవత్సరమున ఏమి చేయనున్నాడో అంతయు విప్పి చెప్పెను. నాలుగవ సమావేశము జరుగలేదు. ఎనిమిది మాసములకు అట్టి సౌకర్యమే ఆ సంస్థవారి యాప్‌లో కనబడెను. వారు దొంగిలించిరని మేము అనజాలము. వారి గదులలో అదే పని అంతకుముందే సాగుచుండవచ్చును. కాని ఇంటిగుట్టు లంకకు చేటు అని పెద్దలు ఊరక అనలేదు గదా. లోకమునకు కనబడుచున్నది ఎంతైనను చూపవచ్చును. ఖాతాదారుల జాబితా, ధరలు, మూలపు కోడ్ మాత్రము వ్రాతపూర్వకమైన ధర కాగితముపైకి వచ్చి, గోప్యతా ఒప్పందముపై సంతకములైన పిదపనే తెరువవలెను.

పెద్ద సంస్థ ఏమి కొనుచున్నది అనునది తరువాతి ప్రశ్న. సరకునా, మనుష్యులనా, పోటీ లేకుండుటనా?

మూడవదానికి అమెరికాలోని డైపర్స్ డాట్‌కామ్ కథ మంచి దృష్టాంతము. న్యూజెర్సీ కేంద్రముగా క్విడ్సీ అను సంస్థ ఈ పేరుతో పసిపిల్లల డైపర్లు ఇంటింటికి చేర్చెడిది. 2009లో అమెజాన్ అధికారి ఒకరు దాని స్థాపకులతో భోజనము చేసి, తామును ఈ వ్యాపారములోనికి దిగుచున్నామనియు, అమ్మకము సంగతి ఆలోచించుట మంచిదనియు చెప్పిరట. వీరు వద్దనిరి. కొలది కాలమునకే అమెజాన్‌లో డైపర్ల ధర 30 శాతము వరకు తగ్గెను. 2010 సెప్టెంబరులో స్థాపకులు మాటలాడుటకై సియాటిల్ వెళ్ళిన నాడే అమెజాన్ తల్లుల కొరకు క్రొత్త రాయితీ పథకమును ప్రకటించెను. ఒక్క మాసములో 20 కోట్ల డాలర్లకు పైగా నష్టమును భరించుటకు ఆ సంస్థ సిద్ధపడినట్లు 2020లో అమెరికా ప్రతినిధుల సభ విచారణలో వెల్లడియైనది. వాల్‌మార్టు అంతకంటె ఎక్కువ ధర ఇవ్వజూపినను, భయము చేతనే వీరు అమెజాన్‌కు అమ్మిరని ఈ ఉదంతమును వ్రాసిన పాత్రికేయులు చెప్పుదురు. 2010 నవంబరులో 54.5 కోట్ల డాలర్లకు బేరము కుదిరెను. లాభము రాలేదని చెప్పి 2017లో అమెజాన్ ఆ వ్యాపారమును మూసివేసెను. భోజనమునకు పిలుపు, ధర తగ్గింపు, కొనుగోలు మాట - ఈ మూడింటిని వేరువేరుగా చూచినవారికి ఏమియు అర్థము కాదు.

ఇన్‌స్టాగ్రామ్ స్థాపకుడును, తాను కాదన్నచో ఫేస్‌బుక్ తనను నాశనము చేయునా అని తన పెట్టుబడిదారుని అడిగినట్లు 2020లో బయటపడిన పత్రములలో ఉన్నది. 2012 ఏప్రిల్‌లో అతడు అమ్మెను. నాడు ఆ కంపెనీలో ఉన్నవారు 13 మంది. ఈ కొనుగోలుపై అమెరికా ప్రభుత్వ సంస్థ 2020 డిసెంబరులో వ్యాజ్యము వేయగా, 2025 నవంబరులో న్యాయస్థానము తీర్పు ఫేస్‌బుక్ మాతృసంస్థకే అనుకూలమైనది. మన దేశములోను చట్టము కొంత మారినది. 2024 సెప్టెంబరు నుండి, ఇక్కడ గణనీయమైన వ్యాపారము గల కంపెనీని 2,000 కోట్ల రూపాయలకు మించి కొన్నచో కాంపిటీషన్ కమిషన్ అనుమతి కావలెను. మన పిల్లల బేరములు అంతవరకు పోవుట అరుదు గనుక దానిని ఇక్కడ విడిచెదము.

మనుష్యుల కొరకు కొనుటకు బెంగుళూరులోనే ఉదాహరణ ఉన్నది. ఫోను యాప్‌ల పనితీరును కొలుచు పరికరము చేసిన లిటిల్ ఐ ల్యాబ్స్‌ను 2014 జనవరిలో ఫేస్‌బుక్ కొనెను. ఆ బృందము కాలిఫోర్నియాకు తరలెను. ఆ పరికరము బయటివారికి అందుట ఆగిపోయెను. సరకు కొరకు కొనుటకును ఉదాహరణ అక్కడే కలదు. మనలో అనేకులు స్వగ్రామములకు పోవునపుడు చూచుకొను 'వేర్ ఈజ్ మై ట్రైన్' యాప్, ఇంటర్నెట్టు లేకున్నను తెలుగులో రైలు జాడ చెప్పునది, బెంగుళూరులోని సిగ్మాయిడ్ ల్యాబ్స్ వారిది. 2018లో గూగుల్ ఆ సంస్థను కొనెను. యాప్ నేటికిని నడచుచున్నది. రెండును గౌరవప్రదమైన బేరములే. ఐనను తాను చేసిన వస్తువు బ్రతుకవలెనని కోరు పిల్లవానికి ఈ రెండింటి మధ్య భేదము చిన్నది కాదు. అది సంతకమునకు ముందే అడుగవలసిన ప్రశ్న.

ఇక తాంబూలముల ఘట్టము. ధర కుదిరిన పిదప లెటర్ ఆఫ్ ఇంటెంట్ అను కాగితము వచ్చును. దానిలో ధర సాధారణముగా ఎవరిని కట్టివేయదు. కాని ఇన్ని దినములు మరియొకరితో మాటలాడరాదను షరతు మాత్రము చిన్న కంపెనీని కట్టివేయును. పిల్లవైపువారు వేరు సంబంధములు చూడరాదు, వరుని వైపువారు మనసు మార్చుకొనవచ్చును అన్నట్టిది ఇది! ఆ దినములలో లెక్కలన్నియు పరిశోధించి, ఏదో లోపము చూపి ధర తగ్గింపుమందురు. అప్పటికి చేతిలో జీతములకు సొమ్ము కరగిపోయి ఉండును. కావున ఆ గడువు ముప్పది దినములా, తొంబది దినములా అను దానిపై ధరపై వలెనే బేరమాడవలెను. ఈ కాగితమును వకీలు చూడకుండ సంతకము చేయరాదు. అది కూడ కంపెనీ అమ్మకములు నడిపిన వకీలు చూడవలెను, స్థలముల దస్తావేజులు వ్రాయువారు కాదు.

పత్రికలో పడిన ధర చేతికి వచ్చు ధర కాదు. ఉదాహరణకు పది కోట్లకు అమ్మితిమనుకొందము. ఆరు కోట్లు పెట్టినవారు తమ సొమ్ము ముందుగా తీసికొను హక్కు వ్రాయించుకొని ఉండవచ్చును. మిగిలిన నాలుగు కోట్లలో కొంత భాగమును, దాగిన అప్పులు ఏవైనను బయటపడునేమో అని, సంవత్సరము పాటు నిలిపి ఉంచుదురు. స్థాపకుని వాటాలో చాల భాగము అతడు మూడు నాలుగు సంవత్సరములు అక్కడ కొలువు చేసిననే వచ్చును. ధరలో వాటాలు కలిసియున్నచో మరియొక చిక్కు: ఇన్‌స్టాగ్రామ్‌కు ప్రకటించినది 100 కోట్ల డాలర్లు, ఫేస్‌బుక్ వాటా ధర పడిపోవుటచే, బేరము పూర్తియగు నాటికి అది సుమారు 71.5 కోట్లయ్యెను.

పనివారి సంగతి కూడ ఇంటి పెద్దలు అడుగవలెను. 2025 జూలైలో అమెరికాలోని విండ్‌సర్ఫ్ అను సంస్థను గూగుల్ కొనలేదు. సుమారు 240 కోట్ల డాలర్లు చెల్లించి, సాంకేతికతకు అనుమతి తీసికొని, అధిపతిని, మరికొందరిని తన యొద్దకు చేర్చుకొనెను. మిగిలినవారు తమ గతి ఏమని శుక్రవారము నుండి సోమవారము వరకు కలతపడిరి. అప్పుడు కాగ్నిషన్ అను మరియొక సంస్థ ఆ మిగిలిన కంపెనీని కొనెను. మన పిల్లలను నమ్మి తక్కువ జీతమునకు చేరినవారు మన పొరుగింటివారే కావచ్చును. రేపు ఉగాదికి వారి మొగము చూడవలెను గదా.

ముందు చెప్పిన యువకునికి ఈ మాసమున వేరొక సంస్థ నుండి కబురు వచ్చినది. ఈ మారు సంతకము కార్పొరేట్ డెవలప్‌మెంట్ వారిదే. తండ్రి ఉత్తరము చేతబట్టుకొని సంఘమునకు వచ్చి, అమ్ముమందురా అని అడిగెను. బ్యాంకులో ఎన్ని మాసముల జీతములకు సొమ్మున్నదని మేము అడిగితిమి. వెనుకటి మారు రెండు మాసములకే ఉన్నదట. ఈ మారు పదునాలుగు మాసములకు ఉన్నదనెను. ఐతే జవాబు రేపే వ్రాయనక్కరలేదని చెప్పితిమి. వచ్చు ఆదివారము ఆడిటరుగారును, వకీలుగారును ఇక్కడికి వచ్చుచున్నారు. ఆ తండ్రీకొడుకులు తాకట్టు కాగితములతో సహా వత్తుమనిరి.